పిల్లల మూత్రపిండముల రక్షణము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యానిధి, విద్యార్థి వసతిగృహము, కల్యాణమండపము మున్నగువానిని గూర్చి పెద్దలు చర్చించుచున్న ఈ సభయందు, పిల్లల మూత్రమును గూర్చి మాటలాడుటకు నేను లేచి నిలుచుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని వసతిగృహము కట్టించునది పిల్లలకొరకే గదా! ఆ పిల్లల దేహమున చప్పుడు లేక ప్రవేశించు వ్యాధి యొకటి కలదు. అది ముదురకమునుపే దానిని కనిపెట్టు ఉపాయమును కలదు. ఆ ఉపాయము స్వల్పవ్యయముతో కూడినది. అయినను మనము దానిని వినియోగించుకొనుట లేదు. ఇంతయే నా మనవి సారము.

మనిషికి మూత్రపిండములు రెండు. ఒక్కొక్కదానియందు సగటున సుమారు 10 లక్షల నెఫ్రానులు కలవు. నెఫ్రాను అనగా జల్లెడవంటి సన్నని రక్తనాళముల చుట్టయు, దానికి చేరిన పొడవైన గొట్టమును. జల్లెడ రక్తమును వడియగట్టును. అట్లు వడిసిన దానినుండి దేహమునకు పనికివచ్చు నీటిని, లవణములను, మాంసకృత్తులను గొట్టము తిరిగి గ్రహించును. శిశువు గర్భమునందు సుమారు 36 వారములు గడపునప్పటికే నెఫ్రానుల నిర్మాణము ముగియును. అటుపిమ్మట నశించిన దానికి మారుగా క్రొత్తది పుట్టదు. తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు ఈ మూలధనము మొదటనే కొరవడియుండును. కావున దీనిని వ్యయమేగాని రాబడి లేని నిధినివలె కాపాడుకొనవలెను.

ఈ నష్టమును తెలిసికొనుటకు సామాన్యముగా చేయించునది రక్తమునందలి క్రియాటినిన్ పరీక్ష. అది మంచి సాక్షియే, కాని ఆలస్యముగా పలుకు సాక్షి. చెడిన నెఫ్రానుల పనిని మిగిలినవి మోయుచుండుటచే, శక్తి సగము నశించువరకును ఆ అంకె పెరుగక నిలిచియుండవచ్చును. అదియుగాక క్రియాటినిన్ కండనుండి పుట్టునది. పిల్లలకు కండ తక్కువ. ఒక ఉదాహరణము చెప్పెదను. 110 సెంటిమీటర్ల పొడవుగల బాలునకు క్రియాటినిన్ 0.9 అని చీటీ వచ్చినదనుకొందము. పెద్దల కొలతనుబట్టి అందు దోషము లేదు. తండ్రి సంతోషించి ఇంటికి పోవును. కాని 2009 లో సవరింపబడిన ష్వార్ట్జ్ సూత్రము ననుసరించి, పొడవును 0.413 చేత గుణించి 0.9 చేత భాగించినచో ఇంచుమించు 50 వచ్చును. ఆరోగ్యవంతుడైన బాలునకు అది 90 వరకైన ఉండవలెను. అనగా ఆ తండ్రి సంతోషించిన దినముననే బిడ్డ శక్తి సగమునకు దిగియున్నదన్నమాట.

రక్తముకంటె ముందుగా మూత్రము మాటలాడును. 1827 లో లండను నగర వైద్యుడు రిచర్డు బ్రైటు, రోగుల మూత్రమును చెంచాయందు కాచి అది గడ్డకట్టుటను చూపి, ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రమున పోవుటకును మూత్రపిండవ్యాధికిని గల సంబంధమును లోకమునకు తెలిపెను. నేడు రంగుమారు కాగితపు పట్టీ ఒకటి ఆ పనిని నిమిషములో చేయును. దానికంటె సూక్ష్మమైనది, మూత్రమునందలి ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి లెక్కించు పరీక్ష. రెండేండ్లు దాటిన పిల్లలలో గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లిగ్రాములను మించిన ఆల్బుమిన్ అనుమానింపదగినది. ఉదయము లేవగానే పోసిన మూత్రమునే చూడవలెను. ఏలయన కొందరు పిల్లలకు పగలు నిలిచి తిరుగుటచేతనే మాంసకృత్తు కొంత పోవును, అది వ్యాధి కాదు. జ్వరమును, పరుగును కూడ అట్టి భ్రమను కలిగించును. కావున ఒక్కమారు చూచి భయపడరాదు, మరల పరీక్షింపవలెను.

ఆల్బుమిన్ ముఖ్యముగా జల్లెడ చెడుటను తెలుపును. గొట్టము చెడుటను తెలుపు సూచకద్రవ్యములు వేరు. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అను చిన్న మాంసకృత్తును ఆరోగ్యముగల గొట్టము దాదాపు పూర్తిగా తిరిగి గ్రహించును. అది మూత్రమున హెచ్చినచో గొట్టము అలసినదని తెలియవలెను. కిమ్-1 అనునది గొట్టపు కణములు గాయపడినప్పుడు హెచ్చుగా పుట్టును. ఎన్‌గాల్ అనునది గాయమైన కొలది గంటలలోనే పెరుగును. 2005 లో ప్రకటింపబడిన ఒక పరిశోధనయందు, అమెరికాలోని సిన్సినాటి నగర శిశువైద్యశాలవారు గుండెకు శస్త్రచికిత్స జరిగిన 71 మంది పిల్లలను పరిశీలించిరి. వారిలో 20 మందికి మూత్రపిండములు దెబ్బతినెను. ఆ సంగతిని రక్తమునందలి క్రియాటినిన్ ఒకటి మొదలు మూడు దినములకు తెలిపెను. మూత్రమునందలి ఎన్‌గాల్ రెండు గంటలకే తెలిపెను. తరువాతి పరిశోధనలలో అంతటి స్పష్టత ఎల్లయెడల కానరాలేదు. అయినను 2023 డిసెంబరులో అమెరికా ఔషధనియంత్రణశాఖవారు 3 నెలలు మొదలు 21 ఏండ్ల వరకు గల రోగులకొరకు ఈ పరీక్షను అంగీకరించిరి.

ఇది ఆస్పత్రిలో ప్రమాదస్థితియందున్న పిల్లలకొరకు ఏర్పడినది. ఆడుచు పాడుచు తిరుగు ప్రతి పిల్లవానికి దీనిని చేయింపుడని నేను చెప్పను. ఎవరైన అట్లు చెప్పి ధనము గుంజజూచినచో నమ్మకుడు. మనకు కావలసినవి పట్టీ, రక్తపుపోటు కొలుచు యంత్రము, కొంచెము ఓపిక.

జపానుదేశమున 1974 మొదలు పాఠశాల పిల్లలందరికి ఏటేట మూత్రపరీక్ష జరుగుచున్నది. అమెరికా శిశువైద్యసంఘమువారు 2007 లో ఆరోగ్యవంతులైన పిల్లలకెల్ల ఈ పరీక్ష అవసరము లేదనిరి. రెండు మతములకును కారణములు కలవు. నా అభిప్రాయమున మనము మొదట అపాయమునకు లోనగు పిల్లలను ఏరుకొనవలెను: తక్కువ బరువుతో పుట్టినవారు, మాటిమాటికి జ్వరముతో మూత్రదోషము కలుగువారు, మూత్రధార సన్నగా జారు మగశిశువులు, ఉదయమున ముఖము ఉబ్బువారు, మూత్రము నురుగుగట్టువారు, ఎదుగుదల తగ్గినవారు, ఇంటిలో ఈ వ్యాధిగలవారు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమునుండి వచ్చిన సోదరులకు ఈ వ్యాధి చేయు చేటును నేను వర్ణింపనక్కరలేదు. ముందుగా తెలిసికొనినచో ఫలము కలదు. రక్తపుపోటును గట్టిగా అదుపునందుంచినచో పిల్లలలో వ్యాధి ముదురుట నెమ్మదించునని, 385 మంది పిల్లలను 5 ఏండ్లు పరిశీలించిన యూరపుఖండ పరిశోధన 2009 లో తెలిపినది.

మందుల విషయమున ఒక హెచ్చరిక. 2025 లో మధ్యప్రదేశమునందలి ఛింద్వాడా ప్రాంతమున, విషద్రవ్యము కలిసిన దగ్గుమందును త్రాగి ఇరువదిమందికి పైగా పిల్లలు మూత్రపిండములు చెడి మరణించిరి. వైద్యుని చీటీ లేక పసిపిల్లలకు దగ్గుమందు పోయకుడు. విరేచనములతో దేహము ఎండినప్పుడు నొప్పిమాత్రలను ఈయకుడు. ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగింపుడు.

ఇక కులసభయందే చెప్పదగిన మాట రెండు కలవు. మొదటిది మేనరికము. తల్లిదండ్రులిరువురును రోగము లేకయే లోపబీజమును మోయుచు, అది ఇరువైపులనుండి బిడ్డకు సంక్రమించినప్పుడే బయటపడు మూత్రపిండవ్యాధులు కొన్ని కలవు. రక్తసంబంధముగల వివాహములలో ఇట్టి అపాయము హెచ్చు. ఆస్తి చెదరకుండ చేసికొన్న సంబంధము బిడ్డ ప్రాణమునకు ముప్పు కారాదు. రెండవది దాపరికము. ఆడపిల్లకు మూత్రదోషమున్నదని తెలిసినచో సంబంధములు రావని తల్లిదండ్రులు దాచిపెట్టుచున్నారు. దాచిన వ్యాధి పెండ్లినాటికి పోవదు. ముదిరి గర్భిణియైననాడు తల్లీబిడ్డలనిరువురను బాధించును. పరీక్ష చేయించుకొన్న పిల్లను చిన్నచూపు చూడమని ఈ సభలోని పెద్దలు ప్రతిజ్ఞ చేసినచో, ఏ యంత్రమును చేయలేని మేలు జరుగును.

కావున నా ప్రార్థన యిది. మన వసతిగృహములందు చేరు ప్రతి విద్యార్థికి పొడవు, బరువు, రక్తపుపోటు, ఉదయకాలపు మూత్రము పరీక్షించి చిన్న పుస్తకమున వ్రాయింపుడు. అనుమానము కలిగినవారిని ప్రభుత్వాస్పత్రి శిశువైద్యునికడకు పంపుటకును, బీదవారి ప్రయాణవ్యయమునకును విద్యానిధినుండి ఏటేట కొంత కేటాయింపుడు. కల్యాణమండపమునకు మరియొక అంతస్తు ఒక సంవత్సరము ఆలస్యమైన కొదువలేదు. నెఫ్రాను ఒకమారు పోయిన మరల రాదు.