ఇత్తడిని గీచి చూడుడు

పెద్దముడియము నుండి మాకొక జాబు వచ్చినది. వ్రాసిన అమ్మాయి ఇంజనీరింగు ముగించి, ఇంటనుండియే సాఫ్ట్‌వేర్ పరీక్షించు పనిని నేర్చుకొనుచున్నది. శనగలమ్మిన సొమ్ముతో తండ్రిగారు లాప్‌టాప్ కొనిపెట్టినారట. అందులో పైథాన్ భాషను, పిమ్మట పైటెస్ట్ అను పరీక్షాసాధనమును ఇన్‌స్టాలు చేసికొన్నది. తీరా పైటెస్ట్ అని టైపు చేయగా, అట్టి ఆజ్ఞను గుర్తింపలేదని యంత్రము బదులిచ్చినది. మూడుమార్లు తీసివేసి మరల పెట్టినను అదే మాట. "ఈ విద్య నాకు రాదేమో" అని జాబు ముగించినది. ఆ ఒక్క వాక్యము వలననే మేమీ ప్రసంగమునకు పూనుకొంటిమి.

లోపము ఆమె తెలివిలో లేదు. విండోస్ యంత్రము పేరు చెప్పిన ఆజ్ఞను పాత్ అను జాబితాలోని ఫోల్డర్లలో వెదకును. పైటెస్ట్ చేరినది స్క్రిప్ట్స్ అను ఫోల్డరులో. ఆ ఫోల్డరు జాబితాకెక్కలేదు. ఇన్‌స్టాలు చేయునపుడే పిప్ ఈ సంగతిని హెచ్చరికగా చెప్పును. హెచ్చరికలు చదువువారెందరు? మేమును మొదట చదువలేదు.

రేడియోలో ఆజ్ఞలు చదువుట కొంత వింతయే గాని, కాగితము తీసికొనుడు. పైథాన్, ఖాళీ, అడ్డగీత, దానినంటియే చిన్న ఎమ్ అక్షరము, మరల ఖాళీ, పైటెస్ట్. నీయొద్దనున్న పైటెస్టును నీవే నడుపుమని పైథానుకు చెప్పుట యన్నమాట. పిప్‌ను గూడ ఇట్లే పిలువవలెను. రెండు పైథానులున్న యంత్రములో ఒకదానియందు పెట్టి రెండవదానియందు వెదకు తిప్పలు అప్పుడుండవు.

ఇంతవరకు జాబుగా వ్రాసి పంపితిమి. ఆమె మరల వ్రాసినది: "నడిచినదండీ. సేకరించిన పరీక్షలు సున్న అని వచ్చినది. ఎర్రగా ఏమియు లేదు. అన్నియు నెగ్గినట్లేనా?"

అసలు ప్రమాదమిచ్చటనే యున్నది. ఆమె ఫైలుకు లెక్కలు అని పేరు పెట్టినది. పైటెస్ట్ మామూలుగా టెస్ట్ అను మాటయు క్రిందిగీతయు మొదట గాని, క్రిందిగీతయు టెస్ట్ అను మాటయు చివర గాని గల ఫైళ్లనే తెరచును; లోపలి ఫంక్షను పేరును టెస్ట్ అనియే మొదలు కావలెను. పేరు కుదరనిచో దానిని చూడనైనను చూడదు. ఇది నయము, సున్న అనియైనను చెప్పినది. పైథానుతోడనే వచ్చు యూనిట్‌టెస్ట్ పూర్వము సున్న పరీక్షలు నడిపి, క్రింద ఓకే అని వ్రాసెడిది! 2023లో వెలువడిన 3.12వ వెర్షను నుండియే పరీక్షలేవియు నడువలేదని చెప్పుచున్నది. అంతకుముందు ఆ ఓకేను నమ్మి నిద్రపోయినవారెందరో!

ఇత్తడిని గీచినను బంగారమని చూపు ఒరగల్లును ప్రొద్దుటూరు కంసాలి ఒక్క దినమైనను ఉంచుకొనునా? కావున ఫైలు పేరు మార్చి, మొట్టమొదట రెండును రెండును అయిదని ఒక పరీక్ష వ్రాయుమంటిమి. అది తప్పక ఓడవలెను. ఓడినచో సాధనము మన ఫైలును నిజముగా చదువుచున్నదన్నమాట. పిమ్మట అయిదును నాలుగుగా దిద్దవచ్చును.

మూడవ జాబు మొన్న వచ్చినది. తెర ఎర్రబడగానే అమ్మను పిలిచి చూపినదట. ఆమె, "ఎర్రగా వచ్చిన సంతోషమేమే?" అన్నదట.