అమ్మ పొదుపు పుస్తకం



మహిళా సంఘాల గురించి మాట్లాడమన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. బియ్యం, పప్పు, నూనె లెక్క రోజూ రాస్తాను. కాస్త తేడా వచ్చినా నిద్ర పట్టదు. అలాంటి నేను మా అమ్మ పొదుపు పుస్తకం పదేళ్లపాటు తెరిచి చూడలేదు.

కిందటేడు సెలవులకు ఇంటికి వెళ్తే అమ్మ దిగులుగా ఉంది. సంఘం బాకీ పడిందని బ్యాంకు నుంచి కబురొచ్చిందట. "నెలనెలా కడుతూనే ఉన్నాను కదే" అంది. పాస్‌బుక్కు ఏదంటే, లెక్కలు రాసే ఆమె దగ్గరుందంది. "మన పిల్లే కదా, రాస్తుందిలే" అని పన్నెండు మందీ ఊరుకున్నారు. ఆ సాయంత్రం అందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి, పుస్తకాలు తెప్పించి, ఎవరెంత కట్టారో అడిగి కాగితం మీద వేశాం. నాలుగు నెలల కిస్తీ బ్యాంకుకు చేరనే లేదు. ఇంట్లో జబ్బు, చేతిలో డబ్బు. వాడేసుకుంది. రెండు విడతల్లో తిరిగి కట్టింది. కానీ కిస్తీ సకాలంలో కడితేనే ప్రభుత్వం వడ్డీ భరిస్తుంది. ఆ నెలల వడ్డీ పన్నెండు మంది మీదా పడింది. వాడింది ఒకరైనా బ్యాంకు దృష్టిలో అప్పు సంఘానిదే.

నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, నా మీద.

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు విని ఉంటారు. అక్కడి ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ ఒక పాఠం చదివారు. తాగుడు వల్ల పాడైన సంసారం కథ. తమ కథలాగే ఉందని 1992లో సారా దుకాణం మీదికి కదిలారు. 1993లో రాష్ట్రంలో సారా ఆగింది. మిగిలిన డబ్బులో రోజుకో రూపాయి దాచుకోవడమే ఆ జిల్లాలో పొదుపులక్ష్మి అయింది. ముందు చదువు వచ్చింది, తర్వాత పొదుపు వచ్చింది. మన ఊళ్లలో పొదుపు ముందొచ్చి చదువు వెనకబడింది.

డబ్బు సంగతి మాత్రం చిన్నది కాదు. సంతలో షావుకారు దగ్గర పసుపు పంట చూపించి నూటికి 3 రూపాయల వడ్డీకి 10,000 తెస్తే ఏడాదికి వడ్డీ 3,600. సంఘంలో రూపాయి వడ్డీకైతే 1,200. మిగిలిన 2,400 ఒక పిల్లకి పుస్తకాలు, బట్టలు. పైగా షావుకారు పంటను తన ధరకే తూచుకుంటాడు. కొండ ఊళ్లలో ఇళ్లు తక్కువ కనుక ఐదుగురితోనైనా సంఘం పెట్టుకోనిస్తారు. ఆ ఐదుగురిలో ఒక్కరికీ కూడిక రాకపోతే?

ఇంకో మాట. అమ్మ చేత వేలిముద్ర వేయించి ఆ అప్పుతో బైకు కొనుక్కున్న తమ్ముళ్లు ఇక్కడ ఉండొచ్చు. నేను ఎవరి మొహమూ చూడటం లేదు.

ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు పాస్‌బుక్కు, తీర్మానాల పుస్తకం అడగండి. అమ్మ పక్కన కూర్చుని తన వరస చదివి వినిపించండి. మీరే చూసి మూసేయకండి, తనకు చూపించండి.

మా అమ్మకి ఇంకా పేరు రాయడం రాదు. అంకెలు మాత్రం గుర్తుపడుతోంది. పోయిన నెల నేను కూడిక వేస్తుంటే వేలు పెట్టి ఆపింది. "ఇక్కడ యాభై తక్కువ రాశావే" అంది. నిజమే, తక్కువ రాశాను.