దీర్ఘవ్యాధి – కువైట్ కొలువు – బీమా హక్కు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ వేళ జబ్బుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఫహాహీల్ నుండి, అబ్బాసియా నుండి, సాల్మియా నుండి మనమంతా ఒకచోట కూడేది ఇటువంటి రోజుననే. అందువల్ల ఈ మాట ఇక్కడే చెప్పవలసి వచ్చింది.

మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు, కీళ్ళవాతం, వెన్నెముక అరుగుదల ఒక్క రోజులో మనిషిని పడగొట్టేవి కావు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఒంట్లోని సత్తువను తీసివేస్తాయి. ప్రమాదం జరిగితే పదిమంది సాక్షులుంటారు. దీర్ఘవ్యాధికి సాక్ష్యం మనం భద్రపరచుకున్న కాగితం మాత్రమే.

"నాకు ఇన్సూరెన్సు ఉన్నది" అని మనలో చాలామంది ధైర్యంగా ఉంటారు. ఏ ఇన్సూరెన్సు అని విచారిస్తే, అకామా కొట్టించుకోవడానికి ఏటా కట్టే ఆరోగ్య బీమా అని తేలుతుంది. అది చికిత్సకు సంబంధించినది. ఆగిపోయిన జీతానికి బదులు ఇచ్చేది కాదు. మరికొందరు ప్రవాసీ భారతీయ బీమా యోజన పత్రం చూపుతారు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చేవారికి అది తప్పనిసరి. పన్ను కాక రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. మంచి పథకమే, గడువు తీరితే తప్పక పునరుద్ధరించుకోవలసినదే. కాని అందులోని 10 లక్షల రూపాయలు ప్రమాదం వలన కలిగే మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. మూత్రపిండాలు మెల్లగా చెడిపోయి పని మానుకున్నవారికి ఆ సొమ్ము రాదు. కువైట్‌లో 1976 నాటి సాంఘిక భద్రతా చట్టం కింద అశక్తతకు పింఛను ఉన్నది. అది ఈ దేశ పౌరుల కోసం ఏర్పడినది, మనకు వర్తించదు.

ఇక మిగిలినవి రెండు: కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న దీర్ఘకాలిక అశక్తత బీమా, కార్మిక చట్టం ఇచ్చిన హక్కులు. మొదటిది కొద్దిమందికే ఉంటుంది. రెండవది 18 నంబరు వీసా మీద ప్రైవేటు రంగంలో పనిచేసే ప్రతివారికీ ఉన్నది.

కంపెనీ బీమా ఉన్నవారు పాలసీ ప్రతిని ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి తీసుకోవాలి. అందులో "అశక్తత" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనమే ఆ పాలసీకి ప్రాణం. మీరు చేస్తున్న ఉద్యోగం చేయలేకపోతే చాలునా, లేక ఏ ఉద్యోగమూ చేయలేని స్థితి రావాలా? చాలా పాలసీలలో మొదటి రెండేళ్ళు మొదటి నిర్వచనం, ఆ తరువాత రెండవది వర్తిస్తాయి. నిరీక్షణ కాలం 90 రోజులా, 180 రోజులా అన్నది మరొక ముఖ్య విషయం. కువైట్ చట్టం ప్రకారం ఏడాదిలో అనారోగ్య సెలవు 75 రోజులే. ఆ సెలవు ముగిసి, నిరీక్షణ కాలం ముగియక, మధ్యలో ఉద్యోగం పోతే బీమా నిలుస్తుందా లేదా అన్నది ముందుగానే వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. పాలసీలో చేరకముందే ఉన్న వ్యాధులకు మినహాయింపు ఉంటే దానినీ చదువుకోండి.

దరఖాస్తు తిరస్కరణకు గురి అయ్యేది ఎక్కువగా ఒక్క చోటనే. వైద్యుడు జబ్బు పేరు వ్రాస్తాడు, మందులు వ్రాస్తాడు. మనిషి ఏమి చేయలేడో వ్రాయడు. "మధుమేహం, నరాల బలహీనత" అన్న కాగితం బీమా అధికారికి ఏమీ చెప్పదు. "పాదాలలో స్పర్శ లేదు, అరగంటకు మించి నిలబడలేడు, నిచ్చెన ఎక్కడం ప్రమాదకరం, ఫలానా తేదీ నుండి ఈ స్థితి" అని ఉంటే చెబుతుంది. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు నొప్పి సంగతితో పాటు పని సంగతీ చెప్పండి. ఎన్ని కిలోలు ఎత్తాలి, ఎన్ని గంటలు ఎండలో నిలవాలి, ఎంతసేపు వాహనం నడపాలి అన్న వివరం మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే మార్గం లేదు.

ఇప్పుడు అందరికీ వర్తించే చట్టం. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం, 69వ అధికరణం: అనారోగ్య సెలవులో మొదటి 15 రోజులు పూర్తి జీతం, తరువాతి 10 రోజులు ముప్పాతిక, ఆ తరువాత 10 రోజులు సగం, మరో 10 రోజులు పాతిక, చివరి 30 రోజులు జీతం లేకుండా. కంపెనీ వైద్యునికి, ప్రభుత్వ వైద్యునికి అభిప్రాయభేదం వస్తే ప్రభుత్వ వైద్యుని మాటే చెల్లుతుంది. పని వలన వచ్చిన వ్యాధి అయితే దానికి ఇదే చట్టంలో వేరే అధ్యాయం ఉన్నది.

అసలు నష్టం జరిగేది రాజీనామా పత్రం దగ్గర. "ఒంట్లో బాగుండడం లేదు, క్యాన్సిల్ చేసుకొని వెళ్ళిపోతాను" అని మన సోదరులు సంతకం చేసేస్తారు. చట్టం దృష్టిలో అది స్వచ్ఛంద రాజీనామా. అదే, పని చేయలేని స్థితి రుజువైనందువల్ల గాని, అనారోగ్య సెలవు పూర్తిగా అయిపోయినందువల్ల గాని, అధికారిక వైద్య సంస్థ ధ్రువపత్రంతో ఒప్పందం ముగిస్తే, అది 49వ అధికరణం కిందికి వస్తుంది. 52వ అధికరణం ప్రకారం ఇండెమ్నిటీ పూర్తిగా ఇవ్వాలి.

లెక్క చూడండి. నెలకు 260 దినార్లు, ఏడేళ్ళ సర్వీసు, కాలపరిమితి లేని ఒప్పందం. నెలను 26 పనిదినాలుగా లెక్కిస్తే రోజుకు 10 దినార్లు. (30తో భాగించి చూపితే ఒప్పుకోకండి.) మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల చొప్పున 750 దినార్లు, మిగిలిన రెండేళ్ళకు నెల జీతం చొప్పున 520, మొత్తం 1,270. రాజీనామా చేస్తే ఐదు నుండి పదేళ్ళ లోపు సర్వీసుకు మూడింట రెండు వంతులే: 846 దినార్ల 667 ఫిల్సులు. ఒక్క సంతకంతో 423 దినార్లకు పైగా పోయినట్లే. ఊరికి వెళ్ళాక కొన్ని నెలల మందుల ఖర్చు అది!

20 నంబరు వీసా మీద ఇళ్ళలో పనిచేసే కడప, కోనసీమ ప్రాంతాల అక్కచెల్లెళ్ళకు ఈ చట్టం వర్తించదు. వారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉన్నది. చికిత్స బాధ్యత యజమానిదే. ఒప్పందం ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం రావాలి. నిస్సహాయులైనవారికి వైద్యానికి, విమాన టికెట్టుకు మన రాయబార కార్యాలయం వద్ద భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. అడగడానికి సంకోచించవద్దు.

స్వదేశం చేరాక కూడా జబ్బు పేరు ఒక్కటే పనికిరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో మధుమేహం లేదు. దాని వలన పోయిన చూపు, తీసివేసిన కాలు ఉన్నాయి. 40 శాతం వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం వస్తే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు 6,000 రూపాయల పింఛను. డయాలసిస్ చేయించుకునే మూత్రపిండాల రోగులకు 10,000. కనుక కువైట్ ఆసుపత్రుల డిశ్చార్జి పత్రాలు, పరీక్షల నివేదికలు సూట్‌కేసులో వేయకుండా చేతిసంచిలో పెట్టుకొని వెళ్ళండి.

ఇక్కడి బాకీ ఏదైనా మిగిలితే ఒప్పందం ముగిసిన నాటి నుండి ఒక్క ఏడాదే గడువు. ఆ తరువాత కోర్టు వినదు. కార్మికుని దావాకు కోర్టు రుసుము లేదు. ఊరికి బయలుదేరే ముందే షూన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, నమ్మకస్తుని పేర పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసి వెళ్ళండి. స్వదేశం నుండి దానిని పంపాలంటే ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, కువైట్ రాయబార కార్యాలయం ముద్ర రెండూ పడాలి. ఆ తిరుగుడులోనే ఏడాదిలో సగం గడిచిపోతుంది.