తడిసిన ఎకరాల లెక్క: అడంగల్ నుంచి ఉపగ్రహం దాకా

(డాక్టర్ కానూరి లక్ష్మణరావు స్మారకోపన్యాసం)

కంకిపాడులో 1902లో పుట్టిన డాక్టర్ కె.ఎల్. రావు నాగార్జునసాగర్ రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించారు. 1963 నుంచి పదేళ్లు కేంద్రంలో నీటిపారుదల శాఖ చూశారు. గంగా కావేరి అనుసంధానాన్ని 1972లో దేశం ముందు పెట్టిందీ ఆయనే. మిగులున్న చోటి నీళ్లను కొరతున్న చోటికి మళ్లించాలన్నది ఆ ఆలోచన సారం. మిగులెంతో, కొరతెంతో తేలాలంటే ముందు పొలంలో ఎంత నీరు ఖర్చవుతోందో తెలియాలి. ఆ ఖర్చును లెక్కగట్టడానికి జరిగిన ప్రయత్నాల చరిత్రే ఈ ప్రసంగం.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ నీటిని అడుగు లోతున పరిస్తే 22,957 ఎకరాలకు వస్తుంది. పదివేల ఎకరాలకే పెడితే రెండడుగుల మూడంగుళాల పైచిలుకు నిలుస్తుంది. వరికి పెట్టామా, ఆరుతడి పంటకా అన్నదాన్ని బట్టి అదే టీఎంసీ కింద పండే విస్తీర్ణం మారిపోతుంది. కాలువ తలదగ్గర ఎంత నీరు వదిలారో గేజీ చెబుతుంది. ఆ నీళ్లు ఏ పొలాన్ని తడిపాయో, ఏ పొలం దాకా రాకుండా ఆగిపోయాయో గేజీకి తెలియదు.

ఆ ప్రశ్నకు జవాబు చాలాకాలం గ్రామ లెక్కల్లోనే దొరికేది. కోస్తాలో కరణం అడంగల్ రాసేవాడు. తెలంగాణలో పహాణీ ఉండేది. తరి, ఖుష్కి అంటూ భూమినీ, ఆబీ, తాబీ అంటూ పంటకాలాన్నీ విడదీసి రాసేవారు. మనిషి గట్టు మీద నిలబడి, సర్వే నంబరు వారీగా రాసిన లెక్క కనుక దాని విలువ దానికుంది. అయితే అది నీటి తీరువా కోసం పుట్టిన లెక్క. ఎకరం తడిసిందా లేదా అన్నంతవరకే దానికి పని. ఎన్ని తడులు, ఎంత లోతు అన్న వివరం దానికి అక్కర్లేదు.

నదీజలాల పంపకం వచ్చేసరికి ఆ వివరం లేని లోటు తెలిసొచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ 1973లో కృష్ణలో 75 శాతం నమ్మకంగా వచ్చే నీటిని 2,060 టీఎంసీలుగా తేల్చింది. పొలాల్లో పెట్టిన నీళ్లలో కొంత ఊటగా, మురుగుకాలువల ద్వారా తిరిగి నదిలో కలుస్తుందని గుర్తించి, దానికింద మూడు రాష్ట్రాలకూ కలిపి 70 టీఎంసీలు చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా అలా 811 అయింది. పొలానికి పెట్టిన నీరు వేరు, పొలం తాగిన నీరు వేరు అన్న తేడా మీదే ఆ అంకెలు నిలబడ్డాయి. ఆవిరై పోయింది మాత్రమే పరీవాహక ప్రాంతానికి నికరమైన ఖర్చు.

ట్రిబ్యునల్ విచారణ సాగుతున్న రోజుల్లోనే, 1972 జూలైలో, అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను ప్రయోగించింది. దాని చిత్రంలో ఒక్కో చుక్క దాదాపు ఎకరంన్నర నేల. పెద్ద కాలువల కింది పచ్చదనం అందులో కనిపించేది, చిన్న కమతం కలిసిపోయేది. 1982లో వెళ్లిన ల్యాండ్‌శాట్-4 చుక్క 22 సెంట్లకు తగ్గింది. 1988లో మన ఐఆర్ఎస్-1ఏ పైకెళ్లాక దాని రెండో రకం కెమెరా చుక్క 32 సెంట్లు. 2015లో మొదలైన సెంటినెల్-2 చుక్క రెండున్నర సెంట్లే. ఎకరం రైతు పొలం కూడా ఈనాడు నలభై చుక్కలుగా కనిపిస్తుంది.

చూపు పదునెక్కినంత మాత్రాన సమస్య తీరలేదు. సెప్టెంబరులో వర్షాధారపు చేనూ పచ్చగానే ఉంటుంది, కాలువ కింది మడీ పచ్చగానే ఉంటుంది. రెంటినీ విడదీసేది కాలం. వానలు వెనకబట్టాక మెట్టచేను ఎండుతుంది. ఫిబ్రవరి, మార్చిలో కూడా పచ్చగా ఉన్న నేలకు ఎక్కడినుంచో నీరందుతున్నట్టే. కృష్ణా పరీవాహకంలో ఈ పద్ధతినే అనుసరించి, ఏడాది పొడవునా మోడిస్ ఉపగ్రహ చిత్రాలను వరసగా పేర్చి, క్షేత్ర పరిశీలనతోనూ జనగణన తరహా వ్యవసాయ లెక్కలతోనూ సరిచూసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఆ చిత్రాల్లో ఒక చుక్క 500 మీటర్ల చదరం, అంటే సుమారు 62 ఎకరాలు. డెల్టాలో అదంతా ఒకే వరి కావచ్చు. తెలంగాణ, రాయలసీమల్లో అందులోనే నాలుగు బోర్లు, కంది చేను, బీడు, గుట్ట ఇమిడిపోతాయి. అలాంటి చుక్కలో తడినేల వాటా ఎంతో చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ పొలాలకు నడిచి వెళ్లి, నీళ్లెక్కడివని రైతును అడగక తప్పదు.

ఖరీఫ్‌లో మరో చిక్కు. మబ్బు కమ్మితే కెమెరాకు నేల కనిపించదు. రాడార్ తరంగాలు మబ్బును దాటిపోతాయి. 2014లో వెళ్లిన సెంటినెల్-1 రాడార్‌ది ఈ పనే. దమ్ము చేసి నీళ్లు నిలిపిన మడి మీద పడిన తరంగం నున్నటి నీటిని తాకి అవతలికి జారిపోతుంది. ఉపగ్రహానికి తిరిగి రాదు కనుక మడి నల్లగా పడుతుంది. నాట్లు పడి, పిలకలు తొడిగి, దుబ్బు కట్టేకొద్దీ తరంగాలు వెనక్కి మళ్లుతాయి, మడి చిత్రంలో తెల్లబడుతుంది. నలుపు నుంచి తెలుపుకు జరిగే ఈ మార్పును వరసగా చూస్తే ఏ వారం ఏ కాలువ కింద నాట్లు పడ్డాయో చెప్పవచ్చు.

విస్తీర్ణం తేలాక మిగిలేది ఖర్చు. దీనికి ఆధారం వేడి. తడిగుడ్డ చుట్టిన కుండలాగే నీరు తాగుతున్న పైరు చుట్టుపక్కల నేలకన్నా చల్లగా ఉంటుంది. ఎండ నుంచి వచ్చిన శక్తిలో నేలను, గాలిని వేడెక్కించింది పోగా మిగిలింది నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్త విమ్ బాస్టియాన్‌సెన్ 1998లో ప్రకటించిన సెబాల్ పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తుంది. దాన్ని మెరుగుపరిచి ఐడహోలో రిచర్డ్ అలెన్ బృందం రూపొందించిన మెట్రిక్ పద్ధతిని అక్కడ నీటిహక్కుల పాలనకే వాడుకున్నారు. రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైతే ఒక్క ఎకరం వరి ఇరవై వేల లీటర్లు తాగినట్టు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో 2021 నుంచి ఓపెన్‌ఈటీ అనే వేదిక ద్వారా పొలం వారీగా ఈ అంకెలు ఎవరైనా చూడగలుగుతున్నారు.

లెక్క రైతు చేతికి వస్తే ఏం జరుగుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2003లో మొదలైన రైతు యాజమాన్య భూగర్భజల ప్రాజెక్టులో ఉమ్మడి రాష్ట్రపు ఏడు కరువు జిల్లాల రైతులు పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం కొలిచారు, వాన కొలిచారు. రబీకి ముందు ఊళ్లో కూర్చుని, ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలు తాగేదెంత అని లెక్క వేసుకున్నారు. ఎవరూ ఆజ్ఞ వేయలేదు. లోటు కళ్లముందు కనిపించాక చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

కాలువల కింద ఈ పని ఇంకా జరగాల్సి ఉంది. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల ముందు ప్రతి రబీకీ మూడు కాగితాలు పెట్టాలి: మేజరు వారీగా వదిలిన నీరు, నిరుడు నిజంగా తడిసిన ఎకరాల పటం, ఆ ఎకరాలు ఆవిరి చేసిన నీరు. ఎగువన వరి ఎంత పెరిగిందో, చివరి భూములకు ఎంత తగ్గిందో ఆ మూడూ పక్కపక్కన పెడితే దాగదు. చివరి తూము కింది రైతు తన సర్వే నంబరును ఆ పటంలో వెతుక్కుని, తడవని పొలాన్ని తడిగా చూపించి ఉంటే అక్కడికక్కడే అడిగి దిద్దించుకునే హక్కు ఆ సమావేశంలోనే ఉండాలి.