నడికట్టు బిళ్ళ చెప్పు సాక్ష్యము

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



వెనుకటి దినములలో మన జిల్లా కచేరీలయందు బిళ్ళబంట్రోతులుండెడివారు. భుజము మీదుగా డవాలీ, దానిపై ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద కచేరీ పేరు. ఆ బిళ్ళను చూచిన రైతు బంట్రోతును చూడడు. వాని వెనుకనున్న సర్కారును చూచును. సైనికుని నడికట్టు బిళ్ళయు నిట్టిదే. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధమునాటి బిళ్ళలను సేకరించువారు నేటికిని అనేకులు గలరు. వానిని గుర్తించు విధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

బానిసత్వమును నిలుపుకొనుటకై దక్షిణపు రాష్ట్రములు పదునొకండు దేశమునుండి విడిపోయి, వేరొక ప్రభుత్వమును స్థాపించుకొనినవి. అందుండి పుట్టిన పోరులో ఆరు లక్షల ఇరువది వేలమంది మరణించిరని చిరకాలముగా చెప్పుచున్నారు. ఆ సంఖ్య ఇంకను హెచ్చని తరువాతి పరిశోధకుల లెక్క. ఈ యుద్ధముతో మనకును దూరపు చుట్టరికమొకటి కలదు. అమెరికా ప్రత్తి ఇంగ్లండునకు చేరక పోగా మన దేశపు ప్రత్తికి గిరాకి హెచ్చి, గుంటూరు సీమ ప్రత్తి కాకినాడ రేవునుండి ఓడలకెక్కినది.

ఉత్తరపు సైన్యములోని సామాన్య పదాతి ధరించిన బిళ్ళ కోడిగ్రుడ్డు ఆకారముగలది. సుమారు మూడున్నర అంగుళముల పొడవు, రెండంగుళములకు మించిన వెడల్పు. పలుచని ఇత్తడి రేకును అచ్చున నొక్కి, వెనుక భాగమును సీసముతో నింపెడివారు. ముందు భాగమున యు.ఎస్. అను రెండక్షరములు. అధికారుల బిళ్ళ దీర్ఘచతురస్రము. దానిపై రెక్కలు చాచిన గ్రద్ద. ఇది 1851 నాటి నమూనా. కొన్ని రాష్ట్రముల దళములు తమ పేరే ధరించినవి. ఎస్.ఎన్.వై. అనగా న్యూయార్కు రాష్ట్రము; ఓ.వి.ఎం. అనగా ఒహాయో స్వచ్ఛంద సేన. దక్షిణమున లూసియానా బిళ్ళపై పెలికన్ పక్షి, టెక్సాసు బిళ్ళపై నక్షత్రము కానవచ్చును.

ముఖమును చూచి మురియుట సులభము. ఎరిగినవాడు మొట్టమొదట బిళ్ళను త్రిప్పి చూచును. నడికట్టు బిళ్ళయైనచో వెనుక తోలు పట్టీని పట్టు కొక్కెములుండును. కొన్నిటి కొక్కెములు కుక్కపిల్ల పాదమును బోలి యుండుటచే సేకర్తలు వానికా పేరే పెట్టిరి. తూటాల సంచికి తగిలించు బిళ్ళయైనచో కొక్కెములకు బదులు ఇనుప తీగె ఉంగరములు రెండుండును. ముందునుండి చూచిన రెండును కవల పిల్లలే. కనుక సంచి బిళ్ళకు కొక్కెములంటించి నడికట్టు బిళ్ళగా అమ్మజూచువాడు ముందు భాగమునే చూపును. కొనువాడు వెనుక భాగమునే అడుగవలెను.

దక్షిణపు బిళ్ళల కథ వేరు. వారికి తుపాకి క్యాపులు చేయుటకు రాగి కావలెను. టెన్నెసీలోని డక్‌టౌను గనులు 1863 చివరకు చేజారినవి. తుదకు సారా బట్టీల రాగి పాత్రలను గూడ కరగించుకొనవలసి వచ్చినది. తోలు సైతము కరవై, గుడ్డను పొరలుగా కుట్టి రంగు పూసి నడికట్లు చేసిరి. ఇట్టి దారిద్ర్యములో సామాన్య సైనికునకు దక్కినది తరచు అక్షరము లేని వట్టి చట్రపు బకిల్ మాత్రమే. సి.ఎస్. అని గాని, సి.ఎస్.ఏ. అని గాని పోత పోసిన బిళ్ళలు అందుచేతనే అరుదు. అరుదగుటచే వెల, వెల గలుగుటచే నకలు. నాడు రాగి లేక చేయజాలని బిళ్ళలను నేడు రాగి దండిగా నున్నవారు చేయుచున్నారు!

నకలును పట్టుటకు కొన్ని గుర్తులు గలవు. అసలు బిళ్ళతో మూస చేసి పోసినచో, లోహము చల్లారునపుడు కుంచించుకొనుటచే, నకలు ఒకింత చిన్నదగును. అచ్చున నొక్కిన రేకు అంచుకును, పోత అంచుకును భేదము కలదు. దీర్ఘకాలము మట్టిలో పడియున్న సీసముపై తెల్లని పూత కట్టును. ఆమ్లముతో తెచ్చిపెట్టిన ముదిమి అంతటను ఒకే తీరున నుండును; కాలము తెచ్చిన ముదిమి అట్లుండదు.

కాగితములతో బ్రతుకు మనబోటి ఉద్యోగులకు నచ్చు వింత యొకటి వినుడు. టిఫనీ సంస్థ పేరును దొంగముద్ర వేసిన బిళ్ళలను, పాత పశ్చిమ అమెరికా నాటివని కొందరు అమ్మజొచ్చిరి. అనుమానించువారి నోరు మూయుటకై, 1950లో వెలువడినట్లు చూపుచు ఒక పుస్తకమునే సృష్టించిరి! జె. డంకన్ క్యాంబెల్ అను పండితుడు ఈ మోసమును బయటపెట్టెను. దొంగ దస్తావేజుకు దొంగ సాక్షి!

బిళ్ళ అసలైనదే యైనను, అది అడుగనిదాని నెల్ల చెప్పదు. దక్షిణపు సైనికులు తాము పట్టుకొనిన యు.ఎస్. బిళ్ళలను ధరించిన సందర్భములు పెక్కు. కాబట్టి బిళ్ళ తన్ను చేయించిన ప్రభుత్వమును చెప్పగలదు గాని ధరించినవానిని చెప్పజాలదు. ఆ సంగతి చెప్పగలిగినది అది దొరికిన చోటు.

చోటు విలువ యెంతటిదో చూడుడు. హన్లీ యను దక్షిణపు జలాంతర్గామి 1864లో చార్లెస్టను చెంత మునిగినది. దానిని 2000లో పైకి తీసిరి. దాని నాయకుడగు జార్జి డిక్సనును షైలో యుద్ధమున ఒక బంగారు నాణెము తూటానుండి కాపాడినదని ఐతిహ్యము. 2001లో అతని అస్థుల చెంత ఆ నాణెము దొరికినది; తూటా తగిలి వంగి, షైలో పేరును 1862 నాటి తేదీని ధరించి యున్నది. ఆ నాణెమే అంగడిలో కనబడినచో నమ్మువారెవరు?

లోహశోధక యంత్రములతో రాత్రివేళ యుద్ధభూమిని త్రవ్వువాడు బిళ్ళను పొందును, సాక్ష్యమును పోగొట్టును. అమెరికాలో సర్కారు భూములందు అనుమతి లేక ఇట్లు త్రవ్వుట నేరము; 1979 నాటి పురావస్తు రక్షణ చట్టము శిక్షలను కఠినము చేసినది. కాని చట్టము చేరని పొలములు గలవు. అచ్చట సేకర్త అంతఃకరణమే చట్టము. ఎచ్చట, ఎంత లోతున, వేని నడుమ దొరికినదో చీటీపై వ్రాసి బిళ్ళతో నుంచినవాడు సేకర్త. వ్రాయనివాడు కేవలము స్వంతదారు.

నెంబరు, తేదీ, దస్త్రము లేని కాగితము మన బల్లపైకి వచ్చినచో, అది యెంత యందముగా టైపు చేయబడియున్నను మనము చర్య గైకొనము. చరిత్రయు నంతే. మన ఊళ్ళలో పొలము దున్నునపుడు పాత నాణెమో, శిలాఫలకమో బయలుపడుట క్రొత్త కాదు. కడిగి మెరపించుటకు ముందు, అది యున్న చోటును గుర్తించి సంబంధిత అధికారులకు తెలియజేయుడు. వస్తువు ఒకరి పెట్టెలో నున్నను, మ్యూజియములో నున్నను, దాని సాక్ష్యము మాత్రము అందరిదియును.