దాదీ మెహరు, వెండి రూపాయి

(ద్వారకానగర్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత నాణేల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము నాణేలు పోగుచేసేవాళ్ళమే గాని పండితులం కాము. అందుచేత మా యింటి పెట్టెలో దొరికిన ఒక కాగితంతో మొదలుపెడతాము. అది మా దాదీగారి నిఖానామా, 1939 నాటిది. మెహరు నూరు రూపాయలు, 'సిక్కా రాయజుల్ వఖ్త్' అని రాసి వున్నది. ఆ కాలాన చలామణిలో వున్న నాణెం అని అర్థం. మీ యిళ్ళలోని పాత నిఖానామాలు తీసి చూడండి, చాలావాటిలో ఈ మాటే వుంటుంది.

మన మద్రాసు రాజధానిలో పూర్వం వరహాల లెక్క వుండేది. 1818లో వరహాకు మూడున్నర రూపాయలు కట్టి వెండి రూపాయికి మార్చారు. 1835లో ఈస్టిండియా కంపెనీవారు తమ రాజ్యమంతటికీ ఒకే రూపాయి పెట్టారు. బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి. తర్వాత విక్టోరియా, ఎడ్వర్డు, అయిదవ జార్జి వచ్చారు. బొమ్మ మారింది గాని వెండి మారలేదు. నూట ఇరవై రూపాయలు తక్కెడలో వేస్తే వీశె తూగేది! ఆ లెక్కన మా దాదీ మెహరు సుమారు 1,069 గ్రాముల వెండి.

అయిదవ జార్జి పేరు వచ్చింది గనుక ఒక ముచ్చట. 1911 రూపాయి మీద రాజుగారి హారంలో చిన్న ఏనుగు వున్నది. తొండం పొట్టిగా వుండి అది పందిలా కనబడింది. మనవాళ్ళు అభ్యంతరం చెప్పారు. సర్కారు ఆ రూపాయిని ఆపి, 1912లో తొండం సరిచేసి కొత్తది వేసింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1907 నుంచి వచ్చిన నికెలు అణా మీద ఉర్దూ, నాగరి, బెంగాలీలతో పాటు మన తెలుగు అక్షరాలూ వున్నాయి.

నోట్ల కథ వేరు. 1861 చట్టంతో సర్కారు నోట్లు వచ్చాయి గాని, ఏ సర్కిలు నోటు ఆ సర్కిలులోనే చెల్లేది. మన వైపు కాకినాడలో ఒక కార్యాలయం వుండేది. పది రూపాయల నోటు దేశమంతా చెల్లడం 1910లో గాని జరగలేదు. మొదటి యుద్ధంలో వెండి కరువై 1917లో రూపాయి నోటు అచ్చువేశారు. కాగితాన్ని నమ్మడానికి జనం వెంటనే ఒప్పుకోలేదు, అది సహజమే.

అసలు దెబ్బ రెండో యుద్ధంలో తగిలింది. 1940లో రూపాయిలో వెండి సగానికి దిగింది. 1941లో విక్టోరియా రూపాయలు చెల్లవన్నారు, 1943కల్లా మిగతా మంచి వెండివీ చెల్లకుండా పోయాయి. 1947లో రూపాయి పూర్తిగా నికెలు అయింది. మాట మాత్రం అదే, రూపాయి!

మా దాదాగారు 1952లో పోయారు. అంతవరకు మెహరు బాకీయే. బంధువులు పెద్దమనుషుల ఎదుట పది పదులు లెక్కపెట్టి దాదీ చేతిలో పెట్టారు. కాగితంలో రాసిన మాట ప్రకారం ఎవరూ తప్పు చేయలేదు. నిఖా నాటి కిలో పైచిలుకు వెండికి ఆ పది నోట్లు జవాబయ్యాయి. "ఇదేనా?" అని ఒక్కమాట అడిగిందట. పెద్దమనుషులలో ఎవరూ బదులు చెప్పలేదట.

కార్యవర్గంవారికి మా మనవి ఒకటే. ఇకముందు సంఘం తరఫున జరిపించే నిఖాలలో, రెండు వైపులవారూ ఒప్పుకుంటే, మెహరును తులాల వెండి అనో బంగారమనో తూకంలో రాయించండి. పుచ్చుకునేనాటి ధర ప్రకారం రొక్కం ఇవ్వవచ్చు.

మా నాణేలు కొన్ని ఈ బల్ల మీద పెట్టాము. 1911 రూపాయి మా దగ్గర లేదు, 1912ది వున్నది. పిల్లలు చేతిలోకి తీసుకుని చూడవచ్చు. చింతపండు పెట్టి మాత్రం తోమకండి.