నాయకుల మాట, వార్తల మాట – నడుమ మన మాట ఎక్కడ?



వార్షికోత్సవం కదా, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మన్నారు. మంచి మాటలే చెప్తాము. కాకపోతే కొన్ని చేదుగా ఉంటాయి, ఓర్చుకోండి.

మన చాకవేలు సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. టీవీ పెడితే హైదరాబాదు చానెళ్ళు. అక్కడ ఏ నాయకుడు ఏ నాయకుణ్ణి తిట్టినాడో మనకు నోటికొచ్చు. మన ఓటుతో గెలిచినాయన బెంగళూరు విధానసౌధలో నేతన్న గురించి ఎన్నిసార్లు నోరు తెరిచినాడంటే మాత్రం చెప్పలేము. అది ఏ చానెల్లోనూ రాదు, మనమూ అడగము. సరిహద్దు ఊళ్ళ కష్టమే ఇది. ఆ పక్క వార్తల్లో మనం లేము, ఈ పక్క వార్తల్లో మన కులవృత్తి లేదు.

ఒక్క ఉదాహరణ చెప్తాము. 2020 జూలై 27న కేంద్ర జౌళి శాఖ అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. 1992 నుంచి ఉన్న బోర్డు అది. దానివల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్ళు మనలోనూ ఉన్నారు, ఆ ప్రశ్నలో న్యాయముంది. అయినా ఢిల్లీలో మన గోడు వినిపించడానికి పేరుకైనా ఒక కుర్చీ ఉండేది. అది పోయిన పదకొండు రోజులకే ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం. ఆ రోజు నాయకుల శుభాకాంక్షలు మన ఫోన్లలో కుప్పలుగా వచ్చినాయి. బోర్డు పోయిన కబురు మాత్రం మా ఇంట్లో చాలా రోజుల తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. రోజూ టీవీ చూసే ఇల్లే మాది!

వార్త ఎందుకు ఇట్లా వంకర పోతుంది? ఒక కారణం డబ్బు. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్నే వార్తలుగా అచ్చేశారని గోల లేచింది. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్ళు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి, కుదించిన నివేదిక విడుదల చేసింది. సమాచార హక్కు కింద అడిగితే, 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గానీ పూర్తిది బయటికి రాలేదు. లోకం గుట్టు విప్పే పత్రికలు తమ గుట్టు దగ్గరికొచ్చేసరికి ఎంత గట్టిగా ముడి వేసుకున్నాయో చూడండి. అదే సమయంలో, ఆ ముడి విప్పింది కూడా పాత్రికేయులేనని మరువకూడదు. అందర్నీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

రెండో కారణం మనమే. 2011 బడ్జెట్లో ముడి పట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. దారం చౌక అవుతుందని మగ్గం ఇంట్లో సంతోషం. గూళ్ళ ధర పడిపోతుందని మన జిల్లాలోనే శిడ్లఘట్ట పట్టు రైతు ఇంట్లో ఏడుపు. 2013లో దాన్ని 15 శాతం చేస్తే ఇటు ఏడుపు, అటు సంతోషం. ఒకే వార్త, రెండు ఇళ్ళు. మనకు నచ్చింది చెప్పిన పేపరు నిజాయితీ గలది, నచ్చనిది చెప్పినది అమ్ముడుపోయింది అంటే, పక్షపాతం పేపరుకు ఎంతుందో మనకూ అంతే ఉంది కదా?

ఇక నాయకుల సంగతి. ఒక ఎన్నికలప్పుడు ఒకాయన మా వీధికొచ్చి గుంటమగ్గంలో కూర్చుని, నాడె చేతబట్టి ఫోటో తీయించుకున్నాడు. మరుసటి రోజు పేపర్లో బొమ్మ బాగానే పడింది. తెగిన పడుగు దారాలు వెతికి అతుక్కునేసరికి మాకు ఒక పూట పోయింది. ఆ సంగతి పేపర్లో లేదు. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల 22 వేల మంది నేతగాళ్ళు, అనుబంధ పనివాళ్ళు తేలినారు. అంతకు ముందు 2009–10లో 43 లక్షల పైచిలుకు. పదేళ్ళలో ఎనిమిది లక్షల మంది ఏమైపోయారని అడిగిన విలేకరి ఆ ఫోటో పక్కన ఉండుంటే ఎంత బాగుండేది! 1985 చట్టం కొన్ని రకాల బట్టలను చేతిమగ్గానికే కేటాయించింది. పవర్‌లూమ్ చీరను చేనేత అని అమ్ముతుంటే ఎన్నిచోట్ల తనిఖీ చేసినారని ఆయన్ని మనమూ అడగలేదు. టీ ఇచ్చి, దండ వేసి పంపించినాము.

మంచి చేస్తే మంచి అనాల్సిందే. 2020లో కర్ణాటక ప్రభుత్వం నేకార సమ్మాన్ పథకం కింద చేనేత కార్మికుడి ఖాతాలో ఏడాదికి 2,000 రూపాయలు వేయడం మొదలుపెట్టింది, తర్వాత 5,000 చేసింది. మంచిదే. కానీ అది ఏ నాయకుడి ఇంటి సొమ్మూ కాదు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మన సొమ్ము. తీసుకున్నందుకు తల వంచనక్కర లేదు, ప్రశ్న మానుకోనక్కర లేదు.

మరి ఏం చేయాల? మాకు తోచినవి నాలుగు. ఓటుకు ముందు అభ్యర్థి అఫిడవిట్ చదవండి. ఆస్తులు, అప్పులు, కేసులు అందులో ఉంటాయి. ఇంగ్లీషు రాకుంటే కాలేజీకి పోయే పిల్లలతో చదివించుకోండి. గ్రామసభకు పోండి, అడిగింది రాతలో పెట్టించండి. సంఘం తరఫున సమాచార హక్కు అర్జీ వేయండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. వాట్సాప్‌లో వచ్చిన కబురు ఇంకొక చోట సరిచూడకుండా ముందుకు తోయకండి.

ఇంకొక మాట. ఓటుకు చీర పంచుతారే, ఆ చీర ఏ మగ్గం మీద నేసిందో ఎప్పుడైనా తిరగేసి చూసినారా? మన ఓటు కొనేదానికి కూడా మన చీర కొనరప్పా వాళ్ళు!

బట్ట కొనేవాడు రెండు వైపులా తిప్పి చూస్తాడని మనకు తెలుసు. వార్తనూ, నాయకుణ్ణీ మనమూ అట్లాగే చూస్తాము. వచ్చే వార్షికోత్సవానికి మన సంఘం తరఫున కనీసం ఒక్క అర్జీ వేసి, దానికొచ్చిన జవాబును ఇదే వేదిక మీద చదువుదాము.